పర్లాకిమిడిలో 1972 అంబాసిడర్ మార్క్ టూ, పని సగంలో ఆగింది, బాడీ వంగింది, ఎలా అమ్మాలి ఎంతకి చెప్పాలి

కిమిడి_అంబీ
ఆదివారం రాత్రి 9:40

నమస్కారమండి అందరికీ. నాలుగేళ్ల కిందట ఇంజిను విప్పినప్పుడు ఇక్కడే ఫోటోలు పెట్టేవాణ్ణి, పాతవాళ్లకి గుర్తుండొచ్చు. మా పెదనాన్న బండి, 1972 మార్క్ టూ, గళ్ల గ్రిల్లుది, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. మా ఇంట్లో గుంటలందరం ఆ వెనక సీట్లో ఒకరి మీద ఒకరు కూర్చుని పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్లీవాళ్లం, ఆంధ్రా బోర్డరు దాటడమంటే మాకు ఆ బండే. ఇప్పుడు దాన్ని అమ్మీద్దామనుకుంటున్నాను. రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ ఎలా అమ్మాలో ఎంతకి చెప్పాలో నాకు తెలీడం లేదు, అందుకే రాస్తున్నాను.

సంగతి మొదట్నించి చెప్తాను, కొంచెం పొడుగవుతాది. పెదనాన్న 2009లో డ్రైవింగు మానీసాక బండి షెడ్డులోనే ఉండిపోయింది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి షెడ్డులోకి నీళ్లొచ్చి సీటు దాకా మునిగింది, ఆ రోజుల్లో ఇల్లు చూసుకోడానికే దిక్కు లేదు, ఊళ్లో సగం మందికి ఇంటి రేకులెగిరిపోయాయి, కారు సంగతి ఎవరికి పట్టింది, నెల దాటాక తలుపు తీస్తే కాళ్ల కింద పట్టా ఇంకా తడిగానే ఉంది. ఆ తడే లోపల్లోపల రేకుని తినీసింది. పెదనాన్న 2020లో పోయారు. 2021లో నేను పని మొదలెట్టాను. ఇంజిను బరంపురంలో బోరు కొట్టించి పిస్టన్లు రింగులు బేరింగులు కొత్తవి వేయించాను, క్రాంకు గ్రైండింగు అయింది, 62 వేలు. వైరింగు మొత్తం కొత్తది, 9 వేలు. బ్రేకు సిలిండర్లు, మాస్టరు కిట్టు, పెట్రోలు ట్యాంకు కడిగించడం ఇంకో 14 వేలు. ఇంజిను ఇప్పుడు ఒక్క సెల్ఫుకే అందుకుంటాది, చల్లగా ఉన్నా సరే.

ఇక్కడి దాకా బాగానే ఉంది. తర్వాత టింకరింగుకి, అంటే బాడీ రేకు పనికి, ఇచ్చాను, ఆ షెడ్డు పేరూ ఊరూ రాయను. మూడు నెలలన్నారు, 14 నెలలు పట్టింది. 85 వేలు కూలి, రేకు, సామాను వేరే. బండి ఇంటికొచ్చిన రోజు బూడిద రంగు ప్రైమర్లో చూసి మా పెద్దమ్మ దిష్టి తీసింది. మర్నాడు తలుపు వేద్దామంటే పడదు. మోకాలితో కింద నుంచి ఎత్తి తోస్తేనే పడతాది. సరిగ్గా చూస్తే తలుపుకీ వెనక స్తంభానికీ మధ్య సందు పైన పది రూపాయల బిళ్ల కూడా దూరనంత ఇరుకు, కింద నా బొటనవేలు దూరిపోతోంది. ముందు అద్దం పెట్టి చూస్తే ఒక మూల లేచిపోతోంది. అప్పుడు వెళ్లి గట్టిగా అడిగితే తెలిసింది, బండిని ముందో రెండు వెనకో రెండు సిమెంటు రాళ్ల మీద పెట్టి రెండు పక్కలా తలుపుల కింద ఉండే పెట్టె రేకు ఒకే రోజు కోసీసారట. ఎక్కడా పైపు ఆసరా పెట్టలేదు. మధ్యలో బండి కిందికి జారింది, జారినదాన్ని అలాగే పట్టుకుని కొత్త రేకు వెల్డు చేసీసారు.

రెండో సంగతి ఇంకా బాధ. గత వానాకాలం తర్వాత ఎడమ తలుపు కింద లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) మీద వెంట్రుకంత గీత కనిపించింది. స్క్రూడ్రైవరు మొన పెట్టి కదిపాను, బిస్కట్టులాగ పెళ్ల ఊడి చేతిలోకొచ్చింది, కొలిచాను, 9 మిల్లీమీటర్లు మందం. దాని కింద రివెట్లు కొట్టిన జి.ఐ. (జింకు పూత) రేకు ముక్క, దాని కింద పెదనాన్న నాటి తుప్పు రేకు, అలాగే ఉంది, తీయనేలేదు. వేలు పెడితే పొడి రాలింది.

ఇప్పుడు నాకు రాయగడకి బదిలీ అయింది, ఇంటి దగ్గర బండి పెట్టిన షెడ్డు స్థలం పంపకాల్లో వేరేవాళ్లకి వెళ్లింది, ఉగాదిలోగా ఖాళీ చెయ్యాలి. మళ్లీ మొదట్నించి టింకరింగు చేయించే డబ్బూ లేదు, దగ్గరుండే టైమూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే ఎవరైనా కొంటారా, ఎంతకి చెప్పాలి, దయచేసి చెప్పండి.

బరంపురం_ఫియట్
ఆదివారం రాత్రి 10:25

అన్నా చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. నా సలహా ఒకటే, ప్రైమర్లో ఉన్న బండికి రేటు రాదు. 25 వేలు పెట్టి ఒక కోటు రంగు కొట్టించు, బంపర్లు బిగించు, సాయంత్రం ఎండలో నాలుగు ఫోటోలు తీసి ఆన్‌లైన్లో 2 లక్షల 40కి పెట్టు. నేను అబద్ధం చెప్పమనట్లేదు, అడిగితే చెప్పు, అడక్కపోతే కొనేవాడు చూసుకోవాలి కదా. పాత బండి కొనేవాడికి ఇవన్నీ ఉంటాయని తెలుసు.

ఇచ్ఛాపురం_రేకుపని
సోమవారం ఉదయం 6:50

బావూ, మా మనవడు టైపు చేస్తన్నాడు, నాను చెప్తన్నాను. నలబై ఏళ్లు టింకరింగే చేసినాను, ఇప్పుడు కళ్లు కనపడక మానీసినాను. రంగు మాట మట్టుకు ఎత్తకు. ఫియట్టు బాబు మంచికే చెప్పినాడు గానీ ఆ లప్పం కింద తడి ఉంది. లప్పం నీళ్లు పీలుస్తాది, ఆ బూడిద ప్రైమరూ పీలుస్తాది, రెండు వానాకాలాలు అలాగున్న బండి మీద రంగేస్తే తడిని లోపలెట్టి మూత బిగించినట్టే, ఏడాది తిరక్కుండా బుడగలొచ్చి పెచ్చులూడతాది. కొన్నోడు నిన్నే తిట్టుకుంటాడు, నిన్ను ముంచినోడిని కాదు.

ఇంకోటి. అంబాసిడరుకి లారీలాగ, జీపులాగ కింద చాసిస్ వేరేగా ఉండదు. ఫ్లోరూ, దాని మధ్యలో ఉబ్బెత్తుగా పొడుగ్గా ఉండే సొరంగమూ, తలుపుల కింద పెట్టెలూ, పైన టాపూ అన్నీ కలిస్తేనే చాసిస్. అందుకే పెట్టె రేకు కొయ్యాలంటే ముందు తలుపు గుమ్మానికి అడ్డంగా ఇనప పైపు అంటించాలి, బండి బరువు చక్రాల మీద ఎలాగుంటాదో అలాగే ఉంచాలి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టాలి, అదీ జానెడేసి ముక్క. ఇది తెలీనోడు అంబాసిడరు ముట్టకూడదు. పైన ఇరుకు, కింద ఎడం అన్నావే, అది నడుం జారిన గుర్తు, నువ్వు సరిగ్గానే చూసినావు.

అమ్మేముందు ఒక పని చెయ్యి. బండిని సమంగా ఉన్న గచ్చు మీద చక్రాల మీద నిలబెట్టు. ముందు జాకీ పెట్టే చోటి నుంచి వెనక జాకీ పెట్టే చోటికి దారం లాగి కట్టు, మధ్యలో రేకు దారానికి ఎంత కిందికొచ్చిందో స్కేలుతో కొలు, రెండు పక్కలా. తర్వాత తాపీ మేస్త్రి దగ్గర తూకం గుండు తెచ్చి ముందు క్రాసుమెంబరు (అడ్డ దూలం) బోల్టులూ వెనక కమాన్‌కట్టల (స్ప్రింగు పట్టీల) పిన్నులూ ఎక్కడున్నాయో నేల మీద సుద్దతో గుర్తులెట్టు, బండి పక్కకి తోసి ఆ నాలుగు గుర్తుల్లో ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా రెండు వైపులా టేపు పెట్టు. ఆ రెండు మూలల లెక్కా కలిస్తే బండి మెలి తిరగలేదు, నడుమే జారింది అనుకో, అది బాగవుతాది. మెలి తిరిగితే వేరే మాట. లెక్కలు ఇక్కడ రాయి.

బల్లార్షా_జీపు
సోమవారం ఉదయం 11:15

అన్నా నమస్తే, మాది చంద్రపూర్ జిల్లా దిక్కు, నాన్న బొగ్గుబాయిల పనిచేసిండు, గందుకే ఈడ. మేస్త్రి చెప్పింది వందకు వంద నిజం. నాకైన ముచ్చట చెప్త. నా పాత సీజే జీపు సగం పని చేసి అమ్మిన. ఫ్లోరు కింద లప్పం పెట్టి నల్ల రంగు కొట్టిచ్చిన, కొన్నోళ్లకు చెప్పలే, వాళ్లు అడగలే. రెండు నెలలకు వాళ్ల పిల్లగాని కాలు ఫ్లోరుల నుంచి కిందికి దిగబడ్డది, బండి నిలబడి ఉన్నది కాబట్టి సరిపోయింది, గీరుకపోయింది గంతే. వాళ్లు కొట్లాటకు గూడ రాలే, ఫోన్ జేసి చెప్పిండ్రు. నేనే వోయి 15 వేలు వాపస్ ఇచ్చి వచ్చిన. ఆ పిల్లగాని కాలు కట్టు ఇంకా నా కండ్లల్ల ఉన్నది. నా జీపుకు చాసిస్ వేరే ఉంటది కాబట్టి బండికేం గాలే, నీ బండి గట్ల కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నా, తక్కువొచ్చినా మంచిదే.

కాశీబుగ్గ_హెరాల్డు
సోమవారం మధ్యాహ్నం 2:05

ఒక లెక్క చెప్తాను, బాధపడకండి. మొత్తంగా అమ్మితే లక్ష దాటడం కష్టం, ముక్కలుగా అమ్మితే ఎక్కువే వస్తాది. బాగుచేసిన ఇంజిను గేరుబాక్సుతో కలిపి, మార్క్ టూ గళ్ల గ్రిల్లు, డ్యాష్‌బోర్డు మీటర్లు, తలుపు హ్యాండిళ్లు, స్టీరింగు చక్రం, ఇవన్నీ వెతుక్కునేవాళ్లున్నారు. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లోనే మూసీసారు, తర్వాత మోడళ్ల స్పేర్లు కలకత్తా మల్లిక్ బజారులో ఇప్పటికీ దొరుకుతాయి గానీ మార్క్ టూ అలంకారం సామాను దొరకడం కష్టం. బాడీ తూకానికి ఇచ్చీవచ్చు.

కిమిడి_అంబీ
సోమవారం రాత్రి 9:10

కాశీబుగ్గ గారూ మీరన్న లెక్క నిజమే, నేనూ రాత్రుళ్లు వేసుకున్నదే. కానీ ఆర్.సి. ఇంకా పెదనాన్న పేరు మీదే ఉంది, అమ్మాలంటే పెద్దమ్మ సంతకం కావాలి, ఆవిడ్ని అడిగితే ఒక్క మాట అంది, "అమ్ముకో నాయనా, ముక్కలు మాత్రం చెయ్యకు." ఇంక ఆ దారి నాకు లేదు.

మేస్త్రిగారూ, మీ మనవడికి కూడా థాంక్స్. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మీరు చెప్పినట్టే కొలిచాను. మా వీధిలో ఇల్లు కడుతున్నారు, తూకం గుండు వాళ్ల దగ్గర అడిగి తెచ్చాను. దారం లెక్క: ఎడమ పక్క మధ్యలో 14 మిల్లీమీటర్లు కిందికుంది, కుడి పక్క 9. నేల మీద మూలల లెక్క మూడుసార్లు కొలిచాను, తేడా 4 మిల్లీమీటర్లే వస్తోంది. టేపు పట్టుకున్నది మా అబ్బాయి, అందుకే మూడుసార్లు. నాలుగంటే మెలి తిరిగినట్టా కాదా?

ఇచ్ఛాపురం_రేకుపని
మంగళవారం ఉదయం 6:40

నాలుగు అంటే కంగారు లేదు బావూ, ఆ వయసు బండికి అదుంటాది. నడుమే జారింది. బాగవుతాది. మధ్యలో సొరంగానికి రెండు పక్కలా మందపాటి చెక్కలేసి జాకీలతో కొంచెం కొంచెంగా ఎత్తాలి, వాళ్లేసిన వెల్డులు కోసి వదులు చెయ్యాలి, సందులు సరిపడ్డాక పైపులు అంటించి, ఆ రివెట్ల ముక్కలన్నీ పీకీసి, 18 గేజి సి.ఆర్. (జింకు పూత లేని మామూలు ఇనప) రేకుతో కొత్త పెట్టెలు కట్టాలి. జి.ఐ. రేకు వద్దు, వెల్డు చేస్తే జింకు కాలి పొగొస్తాది, మనిషికీ మంచిది కాదు, అతుకూ సరిగా పట్టదు. గ్యాసు వెల్డింగు కూడా వద్దు, ఆ వేడికి పలచటి రేకు ఉబ్బిపోతాది, సీఓటూ వెల్డింగే (కరెంటుతో తీగ కరిగించి అతికేది) చెయ్యాలి, చిన్న చిన్న చుక్కలుగా, ఒకచోట వేసి చల్లారనిచ్చి ఇంకోచోట. పెట్టె అడుగున నీళ్లు కారే బొక్కలుంటాయి, వాటిని లప్పంతో మూసీసి ఉంటారు, తెరవాలి. తెలిసినోడు చేస్తే రెండు నెలలు, అరవై డెబ్బై వేలు.

ఈ లెక్క కొనేవోడికి చూపించు. నాలాటోడు పద్నాలుగు, తొమ్మిది, నాలుగు అని చూస్తే చాలు, నీ మాట నమ్ముతాడు. బస్సు చార్జీ పెట్టుకుంటే నాను వచ్చి చూస్తాను, డబ్బులు ఏమీ వద్దు.

టెక్కలి_కాగితాలు
మంగళవారం ఉదయం 10:30

బండి సంగతి మేస్త్రిగారు చూసుకుంటారు, నేను కాగితాల సంగతి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి బండ్లు ఎక్కువ ఆగిపోయేది అక్కడే. ఓనరు పోయాక ఫారం 31 మీద వారసుల పేరుకి మార్చాలి, మూడు నెలల్లో చెయ్యాల్సింది, మీరు ఆలస్యం అయ్యారు, అయినా చెయ్యొచ్చు. డెత్ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్టు కావాలి. ముందు పెద్దమ్మగారి పేరు మీదకి తెచ్చుకోండి, అది కాకుండా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి.

1972 బండి కాబట్టి రికార్డు పాత రిజిస్టర్లలోనే ఉండి ఆన్‌లైన్లో కనపడకపోవచ్చు, అప్పుడు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చెయ్యమని ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. కొనేవాళ్లు ఒడిశాలోనే ఉంటే పేరు మార్పుకి ఫారం 29, 30 చాలు. ఆంధ్రావాళ్లయితే మీ ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని ఇవ్వాలి, వాళ్లు అక్కడ కొత్త నంబరుకి ఫారం 27 పెట్టుకుంటారు, ట్యాక్సు కూడా అక్కడ కట్టాలి. కిమిడికీ పాతపట్నానికీ మధ్య ఏరు దాటినంత దూరమే గానీ కాగితానికి అది వేరే రాష్ట్రం. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ప్రింటు ఇప్పుడే తీసి పెట్టుకోండి, టింకరింగులో ఆ రేకు ముట్టారో లేదో చూడండి, ముట్టి ఉంటే అన్నిటికంటే పెద్ద ఇబ్బంది అదే.

వింటేజి నంబరు (పాతకాలం బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు) గురించి కొనేవాళ్లు తప్పకుండా అడుగుతారు. 2021 జులైలో వచ్చిన రూలు ప్రకారం మొదటి రిజిస్ట్రేషనై 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బండికి అది వస్తుంది, మీదానికి వయసు సరిపోయింది. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5 వేలు. కానీ చాసిస్సు, బాడీ, ఇంజినులో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు, అందుకని వేరే అంబాసిడర్ బాడీ తెచ్చి మార్చీద్దాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే అది మానుకోవాలి. పైగా ఆ నంబరు మీద రోజూ ఆఫీసుకి తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ పెట్రోలుకీ రిపేరుకీ అంతే. మామూలు ఆర్.సి. రెన్యూవలు కావాలంటే ఫారం 25, అయిదేళ్లకోసారి, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025లో ఆ ఫీజు 10 వేలు చేశారు, బండిని తీసుకెళ్లి చూపించాలి. తలుపు పడని బండిని ఇప్పుడు చూపించలేరు, కాబట్టి ఆర్.సి. గడువు తీరిందని కూడా రాసే అమ్మండి.

కిమిడి_అంబీ
మంగళవారం రాత్రి 10:00

చాసిస్ నంబరు రేకు ముట్టలేదు, టార్చిలైటు వేసి చూసి ప్రింటు తీసుకున్నాను, అంకెలన్నీ ఆర్.సి.తో కలిశాయి. పెదనాన్న పిల్లలు, అన్నయ్య భువనేశ్వర్లో, అక్క వైజాగులో, ఇద్దరూ అఫిడవిట్టు పంపుతామన్నారు.

మేస్త్రిగారూ, మీరు రండి. బస్సు చార్జీ కాదు, ఇచ్ఛాపురం నుంచి కారు పెడతాను.

బరంపురం_ఫియట్
మంగళవారం రాత్రి 10:40

అన్నా రంగు కొట్టించమని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జీపన్న రాసింది చదివాక నిద్ర పట్టలేదు. నా ఫియట్టు కింద కూడా ఎక్కడ లప్పం ఉందో రేపు అయస్కాంతం పెట్టి చూస్తాను.

మందస_మాష్టారు
బుధవారం సాయంత్రం 5:30

ఈ చర్చ ముందు నుంచి చదువుతున్నాను, ఇవాళే సభ్యుణ్ణయ్యాను. మాది మందస, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా నాన్న పలాస స్టేషను బయట అంబాసిడర్ టాక్సీ నడిపేవారు, అది 1994లో అమ్మీవలసి వచ్చింది, అప్పులకి. అప్పట్నుంచి నాకు ఒకటి కావాలని కోరిక. రెడీగా ఉన్న బండి కొనే శక్తి లేదు. మా బావమరిదికి గేట్లు, గ్రిల్లులు చేసే షాపుంది, సీఓటూ మిషను ఉంది, కానీ కారు పని ఎప్పుడూ చెయ్యలేదు. మేస్త్రిగారు కుర్చీలో కూర్చుని ఇలా చెయ్యి అలా చెయ్యి అంటే వాడు చేస్తాడు, చెయ్యి మంచిది. మేస్త్రిగారు వెళ్లే రోజే నేనూ వస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

అడగాల్సినవి మూడే. టాపు మీద, ముందు అద్దం చుట్టూ తుప్పుందా? విప్పిన సామానంతా ఉందా, ఏదైనా పోయిందా? వెనక కమాన్‌కట్టల పిన్నులు ఫ్లోరుకి పట్టే చోట రేకు గట్టిగా ఉందా?

కిమిడి_అంబీ
బుధవారం రాత్రి 8:20

మాష్టారూ తప్పకుండా రండి. టాపు బాగుంది, నీళ్లు అక్కడి దాకా రాలేదు. అద్దం చుట్టూ కింద అంచులో రెండు చోట్ల తుప్పుంది, ఒకటి అర్ధరూపాయంత, ఒకటి వేలు పొడుగు. కమాన్‌కట్టల దగ్గర ఎడమది గట్టిగా ఉంది, కుడి పక్కది సుత్తితో తడితే మెత్తగా వినపడింది, మేస్త్రిగారే చూడాలి. సామాను 11 అట్టపెట్టెల్లో ఉంది, ఒక్కో పెట్టె మీద ఏముందో రాసి పెట్టాను. పోయినవి: కుడి పక్క వెనక తలుపు అద్దం తిప్పే పిడి, డిక్కీ తాళం, నాలుగు హబ్ మూతల్లో ఒకటి. వెతికాను, టింకరింగు షెడ్డులోనే పోయాయి.

కిమిడి_అంబీ
ఆదివారం రాత్రి 11:30

ఇవాళ ఇద్దరూ వచ్చారు. జరిగింది రాసీకపోతే నిద్ర పట్టదు.

మేస్త్రిగారు దిగగానే మంచినీళ్లు కూడా తాగకుండా బండి దగ్గరికే వెళ్లారు. కళ్లు సరిగా కనపడవన్నారు గానీ కణుపులతో తడుతూ బండి చుట్టూ ఒక్కసారి తిరిగి సుద్దతో పదహారు చోట్ల గుర్తులెట్టారు, తర్వాత మాష్టారు దారం కట్టిన అయస్కాంతం పెట్టి చూస్తే పదహారులో పదిహేను చోట్ల పట్టలేదు. కుడి కమాన్‌కట్ట దగ్గర స్క్రూడ్రైవరు నొక్కి చూసి, "ఇది అరచెయ్యంత పోయింది, మిగతాది పర్లేదు" అన్నారు.

తర్వాత బండి మధ్యలో సొరంగానికి రెండు పక్కలా సపోటా చెట్టు చెక్కలు పెట్టించి కింద రెండు జాకీలు పెట్టించారు. నన్ను ఎడమ తలుపు దగ్గర పది రూపాయల బిళ్లతో నిలబెట్టారు. జాకీ పావు చుట్టు తిప్పించడం, ఆగడం, బిళ్ల పెట్టి చూడమనడం. మొదట ఏమీ కదల్లేదు. ఎనిమిదో తొమ్మిదో తడవకి లోపల ఎక్కడో కిర్రుమంది, మాష్టారు భయపడి వెనక్కి జరిగారు, మేస్త్రిగారు చెయ్యెత్తి ఆగమన్నారు, రేకు మీద చెవి పెట్టి విన్నారు, "వెల్డు అరుస్తంది, రేకు కాదు, ఇంకొక్క పావు" అన్నారు. ఆ పావుకి బిళ్ల సందులోకి జారింది. అలా నిలబడి ఆ బిళ్లని పైకీ కిందికీ ఆడించాను, రెండేళ్ల నుంచి ఆ సందులోకి వేలిగోరు కూడా పోలేదు. పూర్తిగా సరి కాలేదు, వెల్డులు కోస్తే తప్ప అవ్వదు, జాకీలు దింపగానే మళ్లీ దాదాపు మొదటికే వచ్చింది. కానీ వస్తాదని మాత్రం కళ్లతో చూశాం.

రేటు: నేను లక్షా 40 అనుకున్నాను. మేస్త్రిగారు ఎవరి పక్షం కాకుండా చెప్పారు, పని సరిగ్గా అయ్యుంటే ఈ బండి ఎంత, అందులోంచి బాగుచెయ్యడానికి 70 తీసీ, వాళ్లు చేసిన వెల్డులు విప్పే కూలి తీసీ, ఆర్.సి. రెన్యూవలు ఖర్చు తీసీ అని. 95 వేలకి కుదిరింది. నేను పెట్టినది రెండు లక్షలు దాటింది, అది మాష్టారికి చెప్పలేదు, ఆయన పెట్టాల్సింది నేను పెట్టినది కాదు కదా.

స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. దారం లెక్క 14, 9, మూలల తేడా 4, లప్పం ఉన్న పదిహేను చోట్లు, కుడి కమాన్‌కట్ట దగ్గర అరచేతి మేర పోయిన రేకు, అద్దం అంచు తుప్పు, పోయిన సామాను, గడువు తీరిన ఆర్.సి., అన్నీ. పెద్దమ్మ పేరు మీదకి మారాకే డబ్బు, డబ్బు ఇచ్చాకే బండి.

బల్లార్షా_జీపు
సోమవారం ఉదయం 7:20

అన్నా పొద్దుగాల్నే చదివిన. ఆ కాయిదం రాసుకున్నది మస్తు నచ్చింది. బండి తీస్కపోయేటప్పుడు తాడు కట్టి లాగకుండ్రి, వంగిన బాడీ ఇంకా వంగుతది, ఫ్లాట్‌బెడ్ లారీ మీదనే ఏస్కపోండ్రి, చక్రాలు కట్టుండ్రి, బాడీకి తాడు గట్టిగ గుంజొద్దు.

కిమిడి_అంబీ
ఏడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:15

పెద్దమ్మ పేరు మీదకి ఆర్.సి. నిన్ననే మారింది, బ్యాక్‌లాగ్ ఎంట్రీకే నెల పట్టింది, టెక్కలి గారు ముందే చెప్పకపోతే మధ్యలో వదిలీసేవాణ్ణి. ఎన్.ఓ.సి.కి పెట్టాం. ఇవాళ మాష్టారు డబ్బు తెచ్చారు, ఫ్లాట్‌బెడ్ తెచ్చారు, బావమరిదినీ తెచ్చారు. ఎక్కించేటప్పుడు బండి స్టార్టు చేసే ఎక్కించాను, ఇంజిను మీదే ఎక్కింది.

బండి కట్టాక పెద్దమ్మ పెరట్లోకి వెళ్లి చేతిలో పొడుగాటి ఇనపది పట్టుకొచ్చింది. చూస్తే బండి స్టార్టింగు హ్యాండిలు. ముందు నుంచి పెట్టి తిప్పేది. పెరటి తలుపుకి అడ్డగడియగా పెట్టుకుందట ఇన్నేళ్లూ, నేను అది ఎప్పుడో పోయిందనుకున్నాను. మాష్టారి చేతికిచ్చింది. ఆయన తీసుకుని, పెద్దమ్మ కొంగుతో తుడిచిన చోట నూనె జిగురు చూసి, "అమ్మా దీనికి నూనె రాసేవారా" అంటే, తలుపు గడియకి రాసినట్టే రాశానంది. రేపు పెరటి తలుపుకి గడియ కొనాలి.

మందస_మాష్టారు
ఆదివారం సాయంత్రం 6:10

బండి చేరింది, పాకలో పెట్టాం, కింద ఇటుకలు కాదు, మేస్త్రిగారు చెప్పినట్టు చక్రాల మీదే ఉంది. ఆయన బుధవారం వస్తారు, తలుపు గుమ్మాలకి పైపులు కొలిచి కోసి పెట్టమన్నారు, మా బావమరిది ఇప్పుడే కోస్తున్నాడు. కిమిడి గారూ, తలుపులు ఒకసారి బిగించి చూడాలి, పాత తలుపు రబ్బర్లు ఏ పెట్టెలో ఉన్నాయి? అయిదో పెట్టె మీద రబ్బర్లని ఉంది గానీ అందులో అద్దం రబ్బరే ఉంది.

కిమిడి_అంబీ
ఆదివారం సాయంత్రం 6:25

ఎనిమిదో పెట్టె మాష్టారూ, మీటర్ల కింద, పాత ఒడియా పేపర్లో చుట్టి ఉంటాయి. ఎడమ ముందు తలుపుది చివర చిరిగింది, మిగతా మూడూ బాగున్నాయి.